ఆటోకీ, బాత్రూంకీ మనమే ఎందుకు ఎక్కువ కడుతున్నాం?

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూములో ఆరుగురం. పాడేరు, హుకుంపేట, ముంచింగిపుట్టు వైపు ఊళ్ల వాళ్లం. మా ఆరుగురి ఇళ్లలోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. అందుకే ఊరి నుంచి ఎవరు సిటీకి వచ్చినా, ఆస్పత్రి పనైనా సర్టిఫికెట్ పనైనా, ముందు ఫోన్ మాకే వస్తుంది. "బాబూ, కాంప్లెక్స్‌లో దిగాం, ఇప్పుడెటు రావాలి?"

దసరా ముందు మాలో ఒకడి అమ్మ, చెల్లి అలాగే దిగారు. అమ్మకి కడుపు నొప్పి, మూత్రంలో మంట. పెద్దాస్పత్రికి తీసుకెళ్లమని రాసిచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి ఘాటీ దిగి ఇంత దూరం వచ్చినా టికెట్ సున్నా. ఖర్చంతా బస్సు దిగాకే మొదలైంది.

ముందు బాత్రూం. బోర్డు మీద 5 రూపాయలు అని ఉంది. బల్ల దగ్గర కూర్చున్నాయన మనిషికి 10 అడిగాడు. పక్కనే మగవాళ్ల వైపు "మూత్రశాల ఉచితం" అని పెయింటుతో రాసుంది. ఆడవాళ్లు అదే పనికి లోపలికెళ్తే లెట్రిన్ రేటు. అమ్మ కొంగుముడి విప్పి 20 ఇచ్చింది, ఎందుకని అడగలేదు. మేము వెళ్లేసరికే ఇదంతా అయిపోయింది.

తర్వాత ఆటో. ఆస్పత్రి అక్కడికి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. స్టాండ్‌లో 300 అన్నారు. మావాడు ఫోన్ తీసి యాప్‌లో చూస్తే 95 చూపించింది. బుక్ చేశాం. డ్రైవర్ ఫోన్ చేసి "ఎక్కడికి? క్యాషా?" అని అడిగి క్యాన్సిల్ చేశాడు. రెండోవాడూ అంతే. ఇంతలో వాన అందుకుంది, రేటు 160 అయింది. చివరికి ఒక పెద్దాయన ఆటో దగ్గరికెళ్లి ఫోన్ చూపించి అడిగితే 150కి ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, క్యాజువాలిటీ గుమ్మం దాకా తీసుకెళ్లి, అమ్మని చెయ్యిపట్టి దింపాడు.

ఆ రాత్రి హాస్టల్లో పెద్ద గొడవే జరిగింది. కొందరు యాప్‌లే మంచివన్నారు, కొందరు ఆటోవాళ్ల పొట్ట కొట్టొద్దన్నారు. తెల్లారేదాకా మాట్లాడుకుని మేము ఒక మాటకి వచ్చాం.

యాప్ వల్ల మనకి ఒక మేలుంది. అది మన మొహం చూడదు. మన యాస వినదు, చేతిలో సంచి చూసి "ఏజెన్సీ వాళ్లు" అని రేటు పెంచదు. బేరం ఆడటం రాని మనిషికి ముందే రేటు తెలియడం చాలా పెద్ద విషయం. ఆ రోజు మేము యాప్‌లో ఎక్కనేలేదు, అయినా అది మాకు సాక్షిలా పనికొచ్చింది. కానీ దానికి స్మార్ట్‌ఫోన్ కావాలి, నెట్ కావాలి, చదవడం రావాలి. ఆ అమ్మకి ఈ మూడూ లేవు. మేము లేకపోతే ఆమె 300 ఇచ్చేది, లేదా వానలో నడిచేది.

యాప్‌లో ఉన్నంత మాత్రాన న్యాయం కూడా కాదు. 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో రద్దీ వేళ బేస్ ఛార్జీకి రెండింతల దాకా తీసుకోవచ్చని ఉంది. కారణం లేకుండా డ్రైవర్ క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా, జరిమానా అనీ ఉంది. వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. ఆ రోజు క్యాన్సిల్ చేసినవాళ్ల నుంచి మాకు వచ్చింది మాత్రం ఏమీ లేదు. డ్రైవర్ల బాధా ఉంది: గ్యాస్, ఫైనాన్స్ కిస్తీ, పైగా కంపెనీ కోత. అందుకే బెంగళూరులో 2022లో నమ్మ యాత్రి అని యాప్ వచ్చింది. అది కమీషన్ బదులు డ్రైవర్ల దగ్గర చిన్న ఫీజు తీసుకుంటుంది. అంటే కంపెనీకి పెద్ద వాటా ఇవ్వకుండా కూడా రేటు ముందే చెప్పొచ్చు.

మన సర్వీసు జీపుల సంగతి చూడండి. కిక్కిరిసి వెళ్తాయి, టాపు మీద కూడా ఎక్కిస్తారు, అది ప్రమాదమే. కానీ ఏ ఊరికి ఎంతో అందరికీ తెలుసు. డబ్బు తక్కువైతే "సంతరోజు ఇద్దువులే" అంటారు. సిటీలో మనకి దొరకనిది ఈ తెలిసిన రేటే.

బాత్రూం విషయంలో మా సీనియర్ ఒకన్న ఇలా అన్నాడు: "ఫ్రీ అయితే ఎవరూ కడగర్రా." అందులో నిజముంది. బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ మొదలుపెట్టి డబ్బు కట్టి వాడే పద్ధతి తెచ్చాక, చాలా ఊళ్లలో వాడుకోదగ్గ మరుగుదొడ్లు వచ్చాయి. కడిగేవాళ్లకి జీతం రావాలి, కాదనం. కానీ మగవాళ్ల మూత్రశాల కడిగేవాళ్లకి జీతం ఎక్కడ్నుంచో వస్తున్నప్పుడు, ఆడవాళ్ల దానికి ఎందుకు రాదు? బస్టాండ్‌లో అన్ని షాపుల అద్దెలు వస్తున్నాయి కదా.

ఆస్పత్రిలో డాక్టరమ్మ "నీళ్లు సరిగ్గా తాగుతున్నావా?" అని అడిగింది. అమ్మ చెప్పిన జవాబు మాకింకా గుర్తుంది: "బస్సులో వస్తున్నాం కదమ్మా, పొద్దున్నుంచి తాగలేదు." దారిలో ఎక్కడ దిగాలో, ఎంత అడుగుతారో అన్న భయం. టికెట్ ఉచితం చేసిన ప్రభుత్వానికి ఈ భయం కూడా కనపడాలి.

కాబట్టి మేము అడిగేవి ఇవి. బస్టాండ్‌లలో ఆడవాళ్లకి మూత్రశాల ఉచితం కావాలి, ఆ మాట పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. రైల్వే స్టేషన్లలో ఉండే ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ లాంటిది కాంప్లెక్స్ దగ్గరా పెట్టాలి. ఆస్పత్రికి, కలెక్టరేట్‌కి, స్టేషన్‌కి ఎంతో బోర్డు ఉండాలి.

మన పని కూడా ఉంది. ఈ మూడూ ఒక అర్జీగా రాశాం. మా రూములో ఆరు సంతకాలు అయ్యాయి. మీ హాస్టల్లో సంతకాలు పెట్టించి పంపండి, ఆర్టీసీ వాళ్లకీ, పాడేరు ఐటీడీఏ గ్రీవెన్స్‌లోనూ ఇద్దాం. అప్పటిదాకా ఊరి నుంచి ఎవరొచ్చినా, బస్సు దిగే టైముకి మనలో ఒకరు అక్కడ ఉందాం. ఆటో రేటు మనం మాట్లాడదాం. బయల్దేరే ముందు ఫోన్ చేసి, "నీళ్లు తాగి రా అమ్మా, ఇక్కడ మేం చూసుకుంటాం" అని చెబుదాం.