సముద్రపుటొడ్డున సైకిలు యాత్ర



గత మాసమున చలికాలపు వంటకములను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసము వంటయిల్లు విడిచి కొంచెము దూరము పోవుదము. సంక్రాంతి సెలవులలో మేము విశాఖపట్టణమునకు పోయి, ఋషికొండ మొదలు భీమునిపట్టణము వఱకు సముద్రపుటొడ్డు దారిని విద్యుత్ సైకిలుపై ప్రయాణము చేసి వచ్చితిమి. పిల్లల తల్లికి, బడిపంతులుగారి భార్యకు సైకిలేమిటని నవ్వువారు నవ్వుదురు గాక. ఈ యాత్రలో మీకు పనికివచ్చు సంగతులు కొన్ని గలవు. మేము సిగ్గుపడవలసిన సంగతి యొకటి గలదు. రెండును దాచక వ్రాయుచున్నాము.

మొదట ఇంటి మాట. మా అమ్మాయి వచ్చు జూనులో తొమ్మిదవ తరగతిలో చేరవలెను. ఆ పాఠశాల మా యింటికి మూడు కిలోమీటర్ల దూరము. “అమ్మా, నాకు సైకిలు కొనిపెట్టవా?” అని రెండేండ్లుగా అడుగుచున్నది. మావారు సరే యనిరి. వలదన్నది మేమే. శ్రీకాళహస్తి వీధులలో యాత్రికుల బండ్లు ఎక్కువ. బయటి బాటపై లారీలు. పడి కాలు విరిగిన ఆడపిల్లకు దిక్కెవరు? ఈ మాటలు వినుటకు బాగుగనే యుండును. మాకును బాగుగనే తోచినవి.

మేము పదునొకండవ యేట స్వర్ణముఖి గట్టున మా అన్నగారి సైకిలుపై తొక్కుట నేర్చితిమి. పడిన ఇసుకయే గనుక దెబ్బ తగిలెడిది కాదు. మరుసటి యేడు, “పెద్దదైనది, ఇక చాలు” అని అమ్మమ్మ అనెను. ఎవరును తిట్టలేదు, కొట్టలేదు. సైకిలు మాత్రము మా చేతికి రాలేదు. నాయనగారు మమ్ము కూర్చుండబెట్టి రఘువంశము చెప్పసాగిరి. పదమూడవ సర్గలో శ్రీరాముడు పుష్పకముపై నుండి సీతాదేవికి సముద్రమును చూపును. ఆ సర్గ మాకు మిక్కిలి ప్రియము. అటుపిమ్మట మేము చూచిన సముద్రమంతయు అట్టిదే: మేము కూర్చుండుట, మఱియొకరు నడుపుట, చూపినది చూచుట.

విశాఖలో మా మరిదిగారు కాపురమున్నారు. అద్దెకు సైకిళ్లిచ్చి, దారి చూపు మనిషిని వెంట పంపువారితో ఆయన ముందుగనే మాట్లాడి యుంచిరి. తెల్లవారుజామున ఆరు గంటలకు ఋషికొండ చేరితిమి. మావారు, మరిదిగారు, మా పెద్ద వదినగారు, మేము, అమ్మాయి: మొత్తము ఐదుగురము. అచ్చటికి వచ్చిన సైకిళ్లు రెండే! “మగవారికి మాత్రమే యనుకొన్నామండి. ఆడవారు వెనుక ఆటోలో రావచ్చును” అని అద్దె మనిషి చల్లగా సెలవిచ్చెను.

మేము మాటాడకుండనే ఆటో వైపు రెండడుగులు వేసితిమి. ఇది మేము దాచదలచుకొనలేదు. అడ్డు నిలిచినవారు వదినగారు. ఆమెకు ఏబదినాలుగేండ్లు, ఆరోగ్య ఉపకేంద్రమున నర్సు ఉద్యోగము. “పదునెనిమిదేండ్లు ఊరూరు తిరిగి పసిబిడ్డలకు టీకాలు వేసినాను నాయనా. ఆటోలో కాదు, సైకిలు మీద. పోయి ఇంకో మూడు తీసుకురా” అనిరి. అరగంటలో మఱి రెండు విద్యుత్ సైకిళ్లును, అమ్మాయికి మామూలు సైకిలొకటియు వచ్చినవి.

ఈ బండి సంగతి కొంచెము చెప్పవలెను. చూచుటకు ఇది సైకిలే. చట్రముపై ఇటుకంత బ్యాటరీ, చక్రపు నడుమ చిన్న మోటారు. ఊరక కూర్చున్న ఇది కదలదు. మనము తొక్కుచున్నామని తెలిసికొను పరికరమొకటి లోపలనుండి, మన కాలు ఆడినప్పుడే మోటారును మేల్కొలుపును. కాలు నిలిచిన అదియు నిలుచును. బ్రేకు పట్టిన వెంటనే మోటారు ఆగిపోవును. తొక్కకయే పోవుటకు మీట గల రకములును ఉన్నవి గాని మాకిచ్చినవి అవి కావు. తొక్కువారికి తోడ్పడు ఇట్టి సైకిలును మొట్టమొదట బజారులోనికి తెచ్చినది జపానులోని యమహా కంపెనీ, 1993లో. మన దేశమున 250 వాట్ల కంటె తక్కువ శక్తి, గంటకు 25 కిలోమీటర్ల కంటె తక్కువ వేగము గల ఇట్టి బండ్లకు రిజిస్ట్రేషనుగాని లైసెన్సుగాని అక్కఱలేదు. సామాన్యమైన బ్యాటరీని ఒకసారి నింపుటకు ఇంచుమించు అర యూనిటు కరెంటు చాలును. ఇడ్లీ పిండికి తడి గ్రైండరు రెండు గంటలు తిరిగిన ఎంతయో అంత. ఆ బ్యాటరీలోని లిథియము విద్య కనుగొన్న ముగ్గురు పండితులకు 2019లో నోబెలు బహుమానము వచ్చెను. మనకిది పరాయి సంగతియు గాదు. మన తిరుపతిలోనే 2022లో లిథియము సెల్లుల కర్మాగారము వెలసెను.

దారి చూపు కుఱ్ఱవాడు వినయవంతుడు. మోటారు సాయమును తగ్గించి పెంచు మీట చూపి, “అమ్మగారూ, ముందు ఒకటవ అంకె మీదనే పెట్టండి. ఎక్కేటప్పుడు కాలు పెడలు మీద బరువుగా పెట్టకండి” అని చెప్పెను. వింటిమి, మఱచితిమి. సైకిలెక్కు తొందరలో మీట మూడుపై నుండగనే పెడలు నొక్కితిమి. బండి కట్లు తెంచుకొన్న దూడవలె ఒక్క దుముకు దుమికెను. మేము బాట ప్రక్క ఇసుకలో పడితిమి. మోచేయి గీచుకొనిపోయెను. వదినగారు సంచిలోని మందు పూసి, “స్వర్ణముఖి ఇసుకే అనుకో, లే” అనిరి.

అప్పుడే చూచితిమి: మా అమ్మాయి సైకిలెక్కి, ఒక చేయి విడిచి గాలికి ఎగురు జడను సరిచేసికొనుచు, మా చుట్టును తిరుగుచున్నది. “ఎక్కడ నేర్చితివే?” అంటిమి. “స్నేహితురాలి సైకిలు మీద, అమ్మా. ఏడాదయింది. చెబితే నువ్వు మాన్పిస్తావని చెప్పలేదు.” మోచేతి మంట కన్న ఈ మాట ఎక్కువ మండెను. పిల్లకు మేము అపాయము తప్పించితిమని యనుకొన్నాము. తప్పించినది అపాయమును గాదు, మాకు చెప్పుటను.

ఋషికొండ నుండి భీమునిపట్టణమునకు సుమారు 16 కిలోమీటర్లు. కుడివైపున సముద్రము, ఎడమ వైపున కొండలు. ఇది మోటారు బాటయే గాని ప్రొద్దుటిపూట బండ్లు పలుచగా నుండును. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున మాంటెరే అను ఊరిలో పాత రైలుమార్గమును తీసివేసి, నడచువారికిని సైకిళ్లకును మాత్రమే బాట వేసిరి. కార్లకు ప్రవేశము లేదు. మన తీరమునను అట్టి బాటలు ఎక్కువగా వేసినచో తల్లుల భయములు సగము తగ్గును.

మంగమారిపేట యొద్ద ఒడ్డున సహజముగ నేర్పడిన రాతి తోరణమొకటి కలదు. మన తిరుమల శిలాతోరణము చూచినవారికి దానికి చెల్లెలని తోచును. అచ్చటికి చేరువనే తొట్లకొండ. కొండపై రాతిలో తొలిచిన నీటి తొట్లుండుటచే ఆ పేరు వచ్చినది. నావికాదళమువారు తమ స్థావరమునకై చేసిన సర్వేలో ఈ ప్రదేశము బయటపడగా, 1988 మొదలు 1993 వఱకు త్రవ్వకములు జరిగెను. రెండువేల యేండ్ల నాడు బౌద్ధ భిక్షువులు వసించిన విహారపు పునాదులు, స్తూపములు నేడును చూడనగును. వానకాలపు నీటిని కొండపైనే దాచుకొని యేడాది గడుపుకొనిన ఆ సంసారము లేని వారి సంసారపు నేర్పు గృహిణులు తప్పక చూడవలసినది.

ఆ కొండ యెక్కుటలోనే మోటారు విలువ తెలిసినది. మీట మూడుపై పెట్టి వదినగారు నొప్పి మోకాళ్లతో మెల్లమెల్లగా, ఆగక ఎక్కిరి. ఆరేండ్ల క్రితము ఆ నొప్పి చేతనే ఆమె సైకిలు మానినది. మావారు పౌరుషమునకు ఒకటిపై పెట్టి చెమటలు గ్రక్కిరి. మామూలు సైకిలు గల అమ్మాయి దిగి నెట్టుకొనుచు వచ్చెను. పైకి చేరిన పిదప మేము, “ఇందులో మన గొప్ప యేమున్నది వదినా? సగము మోటారుదే కదా” అంటిమి. ఆమె నవ్వి, “గ్రైండరులో రుబ్బితే ఇడ్లీలు నీవి కాకపోయినాయా? నానబోసింది ఎవరు? నేను తొక్కకపోతే ఇది కదిలేనా?” అనిరి.

మాకు మా కాళహస్తి కథ జ్ఞప్తికి వచ్చెను. సాలెపురుగు తన నూలుతో, పాము మణులతో, ఏనుగు తొండమున తెచ్చిన నీటితో స్వామిని కొలిచినవి. సాలీడును ఏనుగంత నీరు తెమ్మని స్వామి అడుగలేదు. మూటికిని ఒక్కటే ముక్తి. సాయము పుచ్చుకొనుటను మన స్త్రీలు చిన్నతనముగా నెంచి, ఒడలు నలిగినవఱకు చేసి, పిదప ఆశలే విడుతురు. కాలు మనదైనంతవఱకు సాయము తప్పు గాదు.

దిగి ఎఱ్ఱమట్టి దిబ్బలు చేరితిమి. ఇనుపతుప్పు పొర పట్టిన ఇసుక రేణువులు యుగముల పాటు పేరుకొనగా, వాననీరు వానిని లోయలుగా కోసినది. ఇట్టి ఎఱ్ఱ ఇసుక తీరములు తమిళదేశమునను, సింహళమునను గలవు. దిబ్బలపైకి సైకిలు తీసికొనిపోరాదు; నడచి చూచి, పిడికెడు మట్టియైన తేక తిరిగి రావలెను. పిమ్మట భీమునిపట్టణము. బొఱ్ఱా గుహల మీదుగా వచ్చు గోస్తనీ నది ఇచ్చట సముద్రమున గలియును. డచ్చి వర్తకుల సమాధులును ఉన్నవి. 1861లోనే పురపాలక సంఘమేర్పడిన పాత ఊరు. సంగమము చూచుచు నిలుచుండగా మా స్వర్ణముఖియు ఇట్లే ఈ సముద్రమునకే వచ్చునుగదా యని తోచెను. గాలికి పేరుపడిన క్షేత్రమున పుట్టియు, ముఖమునకు ఎదురుగా, మా కాలితో మేము పుట్టించుకొన్న గాలిని ఇరువదియేండ్లకు పైబడి మేమెఱుగము. మేము నడుపుచు చూచిన మొదటి సముద్రమిది.

ఇది మా యొక్కరి వేడుక యని మీరనుకొనరాదు. పొరుగున తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున, కలెక్టరు షీలారాణి చుంకత్ కాలమున, అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరి. నీళ్లు మోయుటకు, పిల్లలను బడికి దింపుటకు, సంతకు పోవుటకు ఇతరుల కొఱకు కాచుకొను బాధ వారికి తప్పెను. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకము పెట్టెను. దానివలన వయసుకు తగిన తరగతిలో హైస్కూలున చేరిన బాలికలు 32 శాతము హెచ్చిరని మురళీధరన్, ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. బడి దూరమై చదువు మానిన పిల్లకు సైకిలే సరస్వతి యనిన అతిశయోక్తి గాదు.

మీలో ఎవరైన ఇట్టి యాత్ర చేయదలచిన ఈ జాగ్రత్తలు గమనింపుడు. చీర కుచ్చెళ్లు గొలుసులో చిక్కును. సల్వారు కమీజు మేలు, పైట చెంగును ముడివేయవలెను. తలకు హెల్మెటు లేక కదలరాదు. బండి తీసికొనునప్పుడు రెండు బ్రేకులును, బ్యాటరీ ఎంత నిండినదియు చూడుడు. కొండ యెక్కునప్పుడు అది త్వరగా తఱుగును. ఇది మామూలు సైకిలు కంటె బరువైనది గనుక ముందు చదునైన చోట పావుగంట అలవాటు చేసికొనుడు. ఒకరి వెనుక ఒకరుగా పోవుడు. ఎండ ముదరక ముందే ముగింపుడు. ఆ తీరమున అలలు లోనికి లాగును. కాళ్లు తడుపుకొనుటతో తృప్తిపడుడు. ముందుగ మాటాడుకొనునప్పుడే, “సైకిళ్లు ఆడవారికి కూడ” అని స్పష్టముగ చెప్పుడు. మేము చెప్పించకపోవుటచేతనే అరగంట పోయెను.

ఇంటికి వచ్చిన మూడవనాడు మావారితో అంగడికి పోయి అమ్మాయికి సైకిలు కొంటిమి. విద్యుత్తుది గాదు, దాని కాళ్లకు ఇంకను మోటారుతో పనిలేదు. లారీల బాట తప్పించి పోవు దారి ఏదియో చూచుటకై ఆదివారము ఉదయము ఇద్దఱము కలిసి బడి దాక పోయి వచ్చితిమి. అది తన సైకిలుపై, మేము మావారి పాత సైకిలుపై. బజారులో ఒకరిద్దఱు తిరిగి చూచిరి. మా భయము పోయినదని చెప్పము. ప్రతి దినము అది సందు తిరిగినవఱకు గుమ్మములో నిలిచియే యున్నాము. కాని ఇప్పుడు ఎక్కడికి పోవుచున్నదో, ఏ దారిని పోవుచున్నదో మాకు చెప్పి పోవుచున్నది.