ఈసారి భీమిలి పోదాం, అదీ రైల్లో

విహారయాత్ర ఎక్కడికని హాస్టల్లో రోజూ గొడవే. ఎక్కువమంది విశాఖపట్నం అంటున్నారు. జూ, పార్కు, బీచిలో సబ్‌మెరైన్. వాటి మీద నాకేం కోపం లేదు. కానీ పోయినసారి వెళ్లినవాళ్లు చూసినవి కూడా అవే కదా. నా మాట ఏమిటంటే, భీమిలి పోవాలి. అదీ అద్దె బస్సులో కాదు, మన కిరండూల్ రైల్లో.

ఆటల పోటీలకెళ్లినప్పుడు ఒక్క పూట భీమిలి చూశాను. ఇప్పుడది విశాఖ నగరంలో కలిసిపోయిన చిన్న ఊరు, ఒకప్పుడు పేరున్న రేవు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఓడల్లో వచ్చి అక్కడ వ్యాపారం పెట్టారు. 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి పోయారు. చచ్చిపోయినవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు! వాళ్ల సమాధి రాళ్ల మీద చెక్కిన అక్షరాలు ఒక్కటీ నాకు అర్థం కాలేదు. 1861లోనే అక్కడ మున్సిపాలిటీ వచ్చింది. 1933లో విశాఖ హార్బరు తెరిచాక పెద్ద ఓడలకు అదే రేవైంది. భీమిలికి లైట్‌హౌసు, గడియారస్తంభం, చేపల పడవలు మిగిలాయి.

అసలు సంగతి వేరే ఉంది. గోస్తని. మన అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారే ఏరు భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. సోషల్ పరీక్షలో ఆ జవాబు రాసి అందరం ఒక మార్కు తెచ్చుకున్నాం. బొర్రా వైపువాళ్లు మన క్లాసులోనే ఐదుగురు. కలిసే చోటు చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇక రైలు. బైలదిలా ఇనుప రాయి విశాఖ రేవు మీదుగా జపాను పంపడానికి 1960లలో ఈ లైను వేశారు. 58 సొరంగాలు. సిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. 2017లో యాత్రికుల కోసం అద్దాల పెట్టె తగిలించారు. వాళ్లు మన కొండలు చూడ్డానికి పైకొస్తారు, మనం పట్టాల పక్కన నిలబడి చేతులూపుతాం. మా తాత కుర్రతనంలో ఆ సొరంగాల పనిలో రాళ్లు మోశాడు. రైలెక్కింది రెండేసార్లు, రెండుసార్లూ ఆస్పత్రికే. సముద్రం ఇప్పటికీ చూడలేదు.

వార్డెన్ సార్ గారు కోప్పడకూడదు. రైల్లో పిల్లల్ని లెక్కపెట్టడం కష్టమంటారు. నిజమే. ఐదుగురికొక పదో తరగతి అన్నను పెడితే స్టేషను స్టేషనుకీ లెక్క చెప్తారు. రైలు రాత్రికి చేరుతుంది గనక విశాఖలో ఏదో హాస్టల్లో పడుకోవాలి, పొద్దున్న సిటీబస్సులో భీమిలి పోవాలి. శ్రమే. కానీ ఘాట్ రోడ్డులో బస్సులో సగంమంది వాంతులు చేసుకున్నారని సార్ గారే చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యం, అద్దె బస్సు కంటే రైలు టిక్కెట్టు చౌక. పోయినసారి బస్సు డబ్బు తేలేక ఆరుగురం హాస్టల్లోనే ఉండిపోయాం. ఆ రోజు వంటమ్మ మాకు గుడ్లు ఎక్కువ పెట్టింది. తిన్నాం గానీ సాయంత్రం బస్సు తిరిగొచ్చినప్పుడు గేటు దగ్గరికి ఎవరం పోలేదు.

భీమిలికి సరేననేవాళ్ల కోసం ఈ పక్కనే కాగితం అంటించాను. శనివారం లోపు పేర్లు రాయండి. సబ్‌మెరైన్ పార్టీవాళ్లు దాని మీద బొమ్మలు గీయొద్దు.

– 9వ తరగతి విద్యార్థి