ముద్ర ఎవరిదో చెప్పాలి

పోయినేడు జులైలో, రిటర్నుల హడావుడి నడుస్తుండగా, మా ఆడిటర్ గారి ఆఫీసులో కూర్చుని ఉన్నాను. నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. ఎరువుల కొట్టు నడిపే పెద్దాయన. స్పీకర్ పెట్టి మాట్లాడటం ఆడిటర్ గారికి అలవాటు కాబట్టి నాకూ వినపడింది. "సార్, మీ మెయిలుకి ఏదో ఫైలు అంటుకుని వచ్చిందండీ. నొక్కితే తెరుచుకోవట్లేదు. మావాడు చూసి, వైరస్సేమో నాన్నా, తీసెయ్ అన్నాడు. తీసేశా. మళ్లీ పంపుతారా?"

ఆ ఫైలు పేరు స్మైమ్.పీ7ఎస్. అందులో ఉన్నది ఆడిటర్ గారి సంతకం.

ఆయన టేబుల్ మీద బొటనవేలంత యూఎస్‌బీ టోకెన్ ఒకటి ఉంటుంది. కంపెనీల ఫారాలకు, టెండర్లకు, ఆడిట్ రిపోర్టులకు అదే. ముఖ్యమైన మెయిల్ రాసినప్పుడు కూడా దాన్ని కంప్యూటర్‌కి గుచ్చి, పిన్ కొట్టి, అప్పుడు పంపుతారు. 2000 నాటి ఐటీ చట్టం ఆ సంతకాన్ని చేతి సంతకంతో సమానంగా చూస్తుంది. అంతటి ముద్ర అవతలి ఫోన్ చేరేసరికి తెరుచుకోని అటాచ్‌మెంటుగా మిగిలింది. తప్పు పెద్దాయనదీ కాదు, వాళ్లబ్బాయిదీ కాదు. మెయిల్‌ను చూపించే ప్రోగ్రాముది.

ముద్ర వెనక ఉన్న లెక్క గట్టిది. ఉత్తరంలోని అక్షరాలన్నిటినీ కలిపి ఒక సంఖ్య తీస్తారు. అది ఆ ఉత్తరానికి వేలిముద్ర లాంటిది. పంపేవారి దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో ఆ సంఖ్య మీద సంతకం చేస్తారు. అందుకున్న ప్రోగ్రాం అదే లెక్క మళ్లీ చేసి, అందరికీ అందుబాటులో ఉండే జత తాళంచెవితో సరిచూస్తుంది. ఒక్క కామా మారినా సరిపడదు. ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. ఇలాంటి సంతకాలు చేసే పీజీపీ అనే ప్రోగ్రామును ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేశాడు. సంతకాన్ని ఉత్తరం పక్కన విడి భాగంగా పెట్టి పంపే పద్ధతి 1995లోనే ప్రమాణంగా వచ్చింది. ఇన్నేళ్లైనా, ఆ లెక్క తేల్చిన సంగతిని చదివేవాడికి ఎలా చెప్పాలో మాత్రం కుదరలేదు.

ఔట్‌లుక్ ఒక ఎర్ర రిబ్బను బొమ్మ పెడుతుంది. ఆపిల్ మెయిల్ టిక్కు పెట్టి, పక్కన పేరు రాస్తుంది. థండర్‌బర్డ్ లక్క సీలు లాంటి బొమ్మ చూపిస్తుంది. సంతకం సంగతే తెలియని యాప్ దాన్ని మామూలు ఫైలులా కింద వేలాడదీస్తుంది. జీమెయిల్‌లో వివరాలు తెరిస్తే "సైన్డ్ బై" అన్న వరుస ఉంటుంది. అది మనిషి సంతకం కాదు, మెయిల్‌ను పంపిన డొమైన్ వేసిన ముద్ర, అంటే పోస్టాఫీసు ముద్ర లాంటిది. ఫలానా ఊరి నుంచి వచ్చిందని చెబుతుందే గానీ ఫలానా ఆయన రాశాడని చెప్పదు. ఈ రెండింటికీ ఒకే మాట వాడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

జర్మనీలోని బోహుం, మ్యూన్‌స్టర్ పరిశోధకులు 2019లో చేసిన పని చూశాక ఈ బొమ్మల మీద నాకున్న కాస్త నమ్మకమూ సడలింది. పీజీపీ సంతకాలను చూపే 20 ప్రోగ్రాములను పరీక్షిస్తే 14 మోసపోయాయి. మా ఆడిటర్ గారు వాడే తరహా, అంటే ఎస్‌మైమ్ సంతకాలను చూపే 22లో 15 మోసపోయాయి. ఆ గణితాన్ని ఎవరూ ఛేదించలేదు. ఆ అవసరం రాలేదు కూడా. కొన్ని చోట్ల ఉత్తరం లోపలే అచ్చం అలాంటి టిక్కు బొమ్మ గీసి పంపితే సరిపోయింది. ఉత్తరంలో గీసిన బొమ్మ ఏదో, ప్రోగ్రాం పెట్టిన గుర్తు ఏదో చదివేవాడు తేడా పట్టలేడు.

ఇంకో దారి మరీ బాధాకరమైనది. మెయిల్ అనేది ఒకే కాగితం కాదు, ఒక కవరులో నాలుగు కాగితాలు పెట్టినట్టు ఉంటుంది. ఎప్పుడో నిజంగా సంతకం చేసిన పాత ఉత్తరాన్ని తీసి, పైన తన మాటలు చేర్చి, పాతదాన్ని కంటికి కనపడకుండా దాచి పంపుతాడు మోసగాడు. లోపలి పాత కాగితం మీది సంతకం అసలైనదే. ప్రోగ్రాం దాన్ని పరీక్షించి, సరే అనుకుని, టిక్కును తీసుకెళ్లి మొత్తం పేజీకి పెడుతుంది. పూర్వం ఇన్సూర్డ్ కవర్లకు అతుకు అతుకునా లక్క సీలు వేసేవారు. ఏ అతుకు ఊడినా తెలియాలని. ఇక్కడ లోపలి చిన్న కవరుకు వేసిన సీలును బయటి సంచికి ఆపాదించారు.

సంతకం ఎవరిది అన్న ప్రశ్న మరోటి. సంతకం చేసిన చిరునామా, పంపినవారిగా పైన కనపడే చిరునామా ఒకటేనా అని పోల్చి తీరాలని ఎస్‌మైమ్ ప్రమాణం చెబుతుంది. అది సరిగ్గా చేయని ప్రోగ్రాములు ఆ 2019 పరీక్షలో దొరికాయి. ఎవరో అనామకుడు తన తాళంచెవితో తాను చేసుకున్న సంతకం కూడా లెక్క ప్రకారం సరైనదే. "సంతకం సరైనది" అని మాత్రం రాసి, ఎవరిదో రాయకపోతే ఆ మాటకు ఏం విలువ?

సబ్జెక్ట్ లైను గురించి మా ఆడిటర్ గారికే తెలియదు, నేను చెబితే ఆశ్చర్యపోయారు. మామూలుగా సంతకం ఉత్తరం లోపలి భాగానికే వర్తిస్తుంది. పైన ఉండే సబ్జెక్ట్, తేదీ దాని కిందికి రావు. మీరు ఎవరికో "సరే, నాకు సమ్మతమే, కానివ్వండి" అని రాసి సంతకం చేశారనుకోండి. అందుకున్నవాడు అదే ఉత్తరాన్ని "పొలం అమ్మకం" అన్న సబ్జెక్ట్ తగిలించి మూడో మనిషికి పంపవచ్చు. సంతకం చెక్కుచెదరదు, టిక్కు అలాగే ఉంటుంది. సబ్జెక్ట్ లైను సంతకం కింద లేదని ఏ ప్రోగ్రామైనా రంగు మార్చి చూపిస్తే ఎంత బాగుండును.

2018లో బయటపడ్డ లోపం సంగతి ఒకటి చెప్పాలి. పీజీపీ సంతకాలను సరిచూసే పని చాలా చోట్ల జీఎన్‌యూపీజీ అనే వేరే ప్రోగ్రాం చేస్తుంది. అది వరుసగా రాసిచ్చే మాటలను మెయిల్ ప్రోగ్రాం చదువుకుని బొమ్మ పెడుతుంది. ఆ వరుసల మధ్యలో, ఒక సెట్టింగు పెట్టి ఉంటే, సందేశంలో ఉన్న ఫైలు పేరు కూడా వచ్చేది. మోసగాడు ఆ ఫైలు పేరులోనే కొత్త వరుస మొదలుపెట్టి "మంచి సంతకం, ఫలానావారిది" అని రాసి పంపితే, మెయిల్ ప్రోగ్రాం అది జీఎన్‌యూపీజీ చెప్పిన తీర్పే అనుకుంది. బోనులో ఉన్నవాడే తీర్పు చదివితే గుమాస్తా రాసుకున్నట్టు. ఆ జూన్‌లో వచ్చిన 2.2.8తో సరిచేశారు.

మన దగ్గర ఈ గుర్తులంటే జనానికి ముందే ఒక అలవాటు పడిపోయింది. దింపుకున్న ఆధార్ పీడీఎఫ్‌లో పసుపు ప్రశ్నార్థకం, పక్కన "వాలిడిటీ అన్‌నోన్" అని ఉండటం చాలామంది చూసే ఉంటారు. దాని మీద రైట్ క్లిక్ చేసి, సర్టిఫికెట్ చూసి, నమ్మదగినవాటిలో చేర్చుకోమని సూచనలు. చేసేవాళ్లు ఎందరు? ప్రశ్నార్థకంతోనే ప్రింటు తీసి ఇస్తాం. పత్రంలో లోపం లేదు. మన సర్టిఫికెట్ల మూలం ఆ కంప్యూటర్‌లోని నమ్మకాల జాబితాలో లేదు, అంతే. ఆ జాబితా అక్కర్లేదని కాదు. 2014 జులైలో నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ల విభాగం నుంచి గూగుల్ పేరుతో అనధికార సర్టిఫికెట్లు బయటికి వస్తే, గూగుల్ తన క్రోమ్‌లో మన మూలాన్ని కొద్ది డొమైన్లకే కట్టడి చేసింది. జాగ్రత్త అవసరమే. కానీ "నాకు తెలియదు" అన్న మాటనే ఏళ్ల తరబడి చూసిన కన్ను, "ఇది దొంగది" అన్న మాట వచ్చిన రోజు కూడా పట్టించుకోదు.

ఇన్నిటికన్నా నాకు పెద్దగా తోచే లోపం వేరే ఉంది. ఆఫీసు సర్వర్ "ఇది బయటి నుంచి వచ్చిన మెయిల్" అని ఒక వరుస చేర్చినా సంతకం చెడిపోతుంది. అప్పుడు ప్రోగ్రాములు హెచ్చరిక పెట్టి గోల చేస్తాయి. అసలు సంతకమే లేని మెయిల్‌కు మాత్రం కిమ్మనవు. మోసగాడు చెడిన సంతకంతో ఎందుకు పంపుతాడు? సంతకమే లేకుండా పంపుతాడు. డొమైన్ ముద్రల కోసం రాసిన డీకిమ్ ప్రమాణం ఈ మాట ముందే గ్రహించింది. చెడిన సంతకాన్ని సంతకం లేనిదానికన్నా వేరుగా చూడొద్దంది. మనిషి సంతకాల దగ్గర మాత్రం నిజాయితీగా సంతకం చేసినవాడికే మాట పడుతోంది.

ఆ రోజు ఆడిటర్ గారు పెద్దాయనకు ఓపిగ్గా చెప్పారు. "అది నా సంతకమండీ. ఆ తోక లేకుండా నా పేరుతో డబ్బు సంగతి ఏదైనా వస్తే ముందు నాకు ఫోన్ చేయండి." సంక్రాంతి ముందు మళ్లీ ఫోన్. "సార్, ఫీజు కొత్త ఖాతాకి వేయమని రాశారు. ఈసారి తోక లేదేంటండీ?" ఆడిటర్ గారు అలాంటిదేమీ రాయలేదు.

పెద్దాయన డబ్బు నిలిచింది, సంతోషం. కానీ అదృష్టం కూడా తోడైంది. స్మైమ్.పీ7ఎస్ అన్న పేరుతో ఉత్తుత్తి ఫైలు అంటించడం ఎవరికైనా చేతనవును. ఆయన ఫోన్‌లోని యాప్ దాన్ని పరీక్షించదు. తోక ఉందా లేదా అన్నదే ఆయన చూడగలిగాడు. అది ఎవరి తోకో చూడటం ఆయన వల్ల అయ్యే పని కాదు. పాత మెయిళ్లన్నీ తన దగ్గరే ఉన్న ప్రోగ్రాముకు మాత్రం రెండూ చేతిలో పనే. ఇలా రాయొచ్చు: "ఈ చిరునామా నుంచి వచ్చిన గత 18 ఉత్తరాలకు మీ ఆడిటర్ గారి సంతకం ఉంది. దీనికి లేదు." ఎర్రరంగు వద్దు, గంట కొట్టొద్దు. ఆయన ప్రయాణంలో ఉండి ఫోన్ నుంచి రాసి ఉండొచ్చు కదా. ఉన్న సంగతి ఉన్నట్టు, తెలుగులో, ఉత్తరం బయట, ఉత్తరం రాసినవాడు గీయలేని చోట చెబితే చాలు.

ఆడిటర్ గారు ఇప్పుడు ఫోన్ నుంచి డబ్బు సంగతులు రాయడం మానేశారు. మొన్న పెళ్లికి తెనాలి వెళ్లి, ఒకరికి ఖాతా నంబరు పంపాల్సి వస్తే, ఆగమని చెప్పి, రాత్రికి ఆఫీసుకొచ్చి, టోకెన్ గుచ్చి పంపారు.