గొండోలా అంటే పడవేనా?

తణుకు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళమ్మాయికి ఒక సూపర్ మార్కెట్‌లో ఉద్యోగం వచ్చిందట. చేతికిచ్చిన కాగితంలో చేయాల్సిన పని "గొండోలా నింపడం, సర్దడం" అని ఉందట. డిక్షనరీ తీస్తే వెనిస్‌లో తిరిగే పడవ అని కనబడింది. "పప్పులు, సబ్బులు అమ్మే కొట్లో పడవేమిటండీ? మా వారు ఒకటే కంగారు పడుతున్నారు" అని అడిగారు.

కంగారేమీ వద్దమ్మా. డిక్షనరీ తప్పు కాదు, ఆ కాగితమూ తప్పు కాదు. ఒకే మాట రెండు చోట్ల కొలువు చేస్తోంది, అంతే.

ఇటలీలో వెనిస్ అనే ఊళ్ళో చాలా వీధులకి బదులు కాలువలే ఉంటాయి. అక్కడ తిరిగే నల్లటి సన్నపాటి పడవ పేరు గొండోలా. పొడవు సుమారు 11 మీటర్లు, వెడల్పు బారెడు కూడా ఉండదు. ఒకడు నిలబడి ఒక్క తెడ్డుతో నడిపేస్తాడు. ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటని తెచ్చుకుని ఎక్కడెక్కడో వాడేశారు. గాలిబుడగ కింద వేలాడే బుట్టా గొండోలాయే, కొండల మీద తీగ పట్టుకుని పోయే పెట్టే గొండోలాయే. అమెరికాలో పైకప్పు లేని గూడ్సు పెట్టెనీ అలాగే పిలుస్తారు.

ఇక కొట్లో గొండోలా అంటే, గోడకి ఆనకుండా హాలు మధ్యలో నిలబెట్టిన పొడవాటి అరల వరస. రెండు వైపులా అరలుంటాయి. చుట్టూ మనం బుట్ట పట్టుకుని తిరగొచ్చు. కాలువ మధ్య పడవలాగే ఉంటుంది, చూడండి. గోడకి బిగించిన అరల్ని మాత్రం గొండోలా అనకూడదు. అయినా కొట్లో మీరు "పప్పుల గొండోలా ఎక్కడ బాబూ" అని అడగనక్కర్లేదు, "పప్పులు ఏ వరసలో" అంటే చాలు. ఆ మాట కొట్టు వాళ్ళు వాళ్ళలో వాళ్ళు అనుకునేది.

కానీ దాని సంగతి మనకి తెలిసి ఉండాలి. ఎందుకంటే నెల సరుకుల డబ్బు కరిగేది అక్కడే.

పూర్వం శెట్టిగారి కొట్లో సరుకంతా బల్లకి అవతల ఉండేది. చీటీ ఇస్తే చీటీలో ఉన్నదే వచ్చేది. కొనేవాళ్ళే లోపలికి వెళ్ళి తీసుకునే పద్ధతిని అమెరికాలోని మెంఫిస్‌లో 1916లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన తన పిగ్లీ విగ్లీ కొట్లో పెట్టాడు. బల్ల పోయింది, గుమాస్తా పోయాడు. ఇక అమ్మే పని అరలే చేయాలి కదా! చేస్తున్నాయి కూడా, మహా నేర్పుగా.

గొండోలా రెండు కొసలూ ఉన్నాయే, వాటిని ఎండ్ క్యాప్ అంటారు. మలుపు తిరిగే ప్రతివాళ్ళ కళ్ళూ అక్కడ పడతాయి. అక్కడ సరుకు గుట్టగా పోసి పెద్ద అక్షరాలతో అట్ట పెడితే, అది చౌక అని మనకి మనమే అనుకుంటాం. అట్ట మీద ఏముందో ఒకసారి సరిగ్గా చదవండి. ఒక్కోసారి ఉత్త ధర మాత్రమే ఉంటుంది, తగ్గింపు ఊసే ఉండదు. ఆ కొస కోసం కంపెనీలు కొట్టు వాళ్ళకి డబ్బు కట్టడం ఈ వ్యాపారంలో మామూలే. అంటే అది అద్దెకిచ్చిన అరుగన్నమాట. అదే సరుకు వేరే కంపెనీది లోపలి అరలో తక్కువకి దొరకొచ్చు. నాలుగడుగులు వేసి చూడడానికి బద్ధకించకండి.

కంటికి ఎదురుగా ఉండే అర కూడా అంతే, గిరాకీ ఉన్న చోటు. లాభం ఎక్కువొచ్చే సరుకునీ, పేరున్న సరుకునీ అక్కడ పెడతారు. చౌక రకాలు మోకాళ్ళ దగ్గర ఉంటాయి. నడుం వంచితే పది రూపాయలు మిగులుతాయంటే వంచడమే మేలు, మనకి ముగ్గులేసిన నడుమేగా! పిల్లల చాక్లెట్లూ, బొమ్మ ఉన్న బిస్కెట్లూ మాత్రం కింద ఎందుకుంటాయో చెప్పనక్కర్లేదు. అది వాళ్ళ కంటి ఎత్తు.

ఇంకోటి. పెద్ద పొట్లమైతే కలిసొస్తుందని మనకో నమ్మకం. 200 గ్రాములది 46 రూపాయలు, 500 గ్రాములది 120 రూపాయలు అనుకోండి. చిన్నదానిలో గ్రాము 23 పైసలు, పెద్దదానిలో 24. పెద్దది కొంటే 5 రూపాయలు అదనంగా ఇచ్చినట్టు. ఈ లెక్క మనం కట్టక్కర్లేకుండా, గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో పొట్లాల మీద ఎంఆర్‌పితో పాటు వేయాలని నిబంధన వచ్చింది. సన్నటి అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు తీసుకెళ్ళండి.

గొండోలా నింపేవాళ్ళు పాత తేదీవి ముందుకి జరిపి, కొత్తగా వచ్చినవి వెనక పెడతారు. ముందువి ముందు అమ్ముడుపోవాలి కదా, అది వాళ్ళ పద్ధతి. వారంలో వాడేసే వస్తువైతే ముందుదే తీసుకోండి, పారేసే బాధ తప్పుతుంది. నెలంతా ఉంచుకోవాల్సిన పెరుగు మిరపకాయల ప్యాకెట్టో, సేమ్యానో అయితే చెయ్యి కాస్త వెనక్కి పోనిచ్చి తేదీ చూసి తీసుకోండి. తీసినవి మళ్ళీ ఎలా ఉన్నవి అలా సర్దేయండి. అక్కడ నిలబడి పొద్దస్తమానం సర్దేది మనలాంటి వాళ్ళ పిల్లలే.