గేమ్ చాట్ కోసమే ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటారా? ఆగండి

కవర్ సాంగ్స్ రికార్డ్ చేసుకోడానికి ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ ఆల్రెడీ ఉందా? దాన్నే వాలొరెంట్ వాయిస్ చాట్‌కి వాడేయండి, నేనూ అదే చేస్తున్నా. కేవలం చాట్ కోసమే కొత్తగా కొంటానంటే మాత్రం వద్దంటాను.

స్టూడియో క్వాలిటీ మీ దగ్గర బయల్దేరుతుంది గానీ అవతలివాళ్ల చెవిదాకా చేరదు. డిస్కార్డ్ వాయిస్ ఛానెల్ డిఫాల్ట్ బిట్‌రేట్ 64 కేబీపీఎస్. మీరు 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో ఇచ్చినా ఓపస్ కోడెక్ దాన్ని కుదించే పంపుతుంది.

పైగా మన రాజమండ్రి ఎండల్లో ఫ్యాన్ ఆపి గేమ్ ఆడగలరా? 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడిచే కండెన్సర్ మైక్ చాలా సెన్సిటివ్. ఫ్యాన్ చప్పుడు, పక్కింటి మిక్సీ, వీధిలో హారన్లు అన్నీ టీమ్‌కి వినిపిస్తాయి. ష్యూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైక్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుంటే ఆ గోల చాలావరకు తగ్గుతుంది.

ఇంటర్‌ఫేస్‌లో నాకు నిజంగా నచ్చింది డైరెక్ట్ మానిటర్. మన గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. ఎంత గట్టిగా మాట్లాడుతున్నామో తెలుస్తుంది కాబట్టి రాత్రి పన్నెండింటికి అరవం (పక్క గదిలో నాన్నగారు పడుకుని ఉంటారు మరి). గెయిన్ మాత్రం తక్కువే పెట్టండి, అరిచినా రెడ్ లైట్ వెలగకూడదు. ఓబీఎస్‌లో స్ట్రీమ్ చేస్తే మోనో టిక్ పెట్టండి, లేదంటే మీ గొంతు ఎడమ చెవిలోనే వస్తుంది.

ఇంటర్‌ఫేస్ లేనివాళ్లు ముందు హెడ్‌సెట్ మైక్‌ని నోటి పక్కకి జరిపి, డిస్కార్డ్‌లో క్రిస్ప్ ఆన్ చేసి నాలుగు మ్యాచ్‌లు ఆడండి. అప్పటికీ టీమ్ "ఏంటి బ్రో, వినపడట్లేదు" అంటే అప్పుడు చూద్దాం.