చచ్చిన ఆవుకు లెక్క ఎవరు చెప్తారు?

పాడి ఆవు చస్తే పాల బిల్లు ఆగుతుంది. ఆవు కోసం తెచ్చిన అప్పు ఆగదు. లంపీ స్కిన్, అంటే ముద్ద చర్మ వ్యాధి గురించి మేము సర్కారును అడిగేది ఈ లెక్కే.

ఈ వైరస్ రోగం మన దేశంలో మొదట 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో దేశంలో లక్షకు పైగా పశువులు చచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 10న హిసార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్ పశువైద్య సంస్థతో కలిసి చేసిన టీకాను ఢిల్లీలో విడుదల చేశారు. ఫొటోలు దిగారు. ఈ రోగానికి బయోవెట్ టీకాకు లైసెన్సు వచ్చింది 2025 ఫిబ్రవరిలో! అందాకా మేకల మశూచి టీకాతోనే నెట్టుకొచ్చాం.

గ్లాండర్స్ తేలిన గుర్రాన్ని సర్కారు చంపిస్తే యజమానికి పరిహారం ఉంది. అది న్యాయమే. మరి లంపీతో చచ్చిన ఆవుకు కేంద్రం ఎందుకు ఇవ్వదు? 2022లో ఆవుకు మహారాష్ట్ర 30,000, కర్ణాటక 20,000 రూపాయలు ప్రకటించాయి. పక్క రాష్ట్రాలకు చేతనైంది మనకు ఎందుకు చేతకాదు?

మన చెంగిచెర్లలో కబేళా ఉంది, మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉంది. దూరాల నుంచి పశువులు లారీల్లో ఇక్కడికే వస్తాయి. రోగం ఉన్న పశువు వస్తే దాన్ని కుట్టిన ఈగ, దోమ మన కొట్టంలోకీ వస్తాయి. దించే ముందే డాక్టరు ప్రతి పశువునూ చూడాలి. చూసినట్టు కాగితం రాస్తే సరిపోదు.

మన వంతు కూడా ఉంది. జ్వరం వచ్చి, ఒంటి మీద గడ్డలు లేచి, పాలు తగ్గితే ఆ పశువును వెంటనే వేరే కట్టేయాలి. దాన్ని సంతకు తోలొద్దు, అమ్మొద్దు. కొట్టంలో వేపాకు పొగ పెట్టాలి, పేడ నిల్వ ఉంచొద్దు, పిడుదులు లేకుండా చూడాలి. 1962కు ఫోన్ చేయాలి. చచ్చిన పశువును చెరువు గట్టున పారేయకుండా లోతుగా పూడ్చి సున్నం చల్లాలి. ఇది మనుషులకు అంటే రోగం కాదు, భయపడి పాలు పారబోయకండి. కాచి తాగండి.

మా డిమాండ్లు మూడు: వానలకు ముందే ఉచిత టీకా, చచ్చిన ప్రతి పశువుకూ పరిహారం ఇస్తామని జీవో, కబేళా గేటు దగ్గర నిజమైన తనిఖీ. అన్నలారా, అక్కలారా, పశువు చస్తే ఊరుకోవద్దు. డాక్టరుతో రాయించుకోండి, ఫొటో తీయండి, సంఘానికి తెలపండి. లెక్క మన చేతిలో ఉంటేనే సర్కారును నిలదీయగలం.