వెనకాలదంతా మసకేనా?

హీరోగారి క్లోజప్ పోస్టరు చూశారుగా! ముఖం మీద చెమటబొట్లు సైతం లెక్కపెట్టొచ్చు. వెనకాల చెట్టూ, గోడా, మనుషులూ మాత్రం కరిగి రంగునీళ్లయిపోయి ఉంటాయి. ఆ సొగసుకి మనసు పారేసుకోని కుర్రకారు ఎవరు చెప్పండి? ఇప్పుడు ఆ సోకు మా నర్సింహులపేట దాకా వచ్చేసింది. మహబూబాబాద్ జిల్లాలో ఇదొక మండల కేంద్రం. ఇక్కడి ఫోటో స్టూడియోలో కాసేపు కూర్చుంటే చాలు, గుమ్మంలోంచి ఒకటే మాట వినిపిస్తుంది: "అన్నా, ఎన్క బ్లర్ కొట్టు!"

కొట్టడం తేలికే. కుదరడమే కష్టం. ఈ వారం కబుర్లు దాని మీదే.

అసలు ఆ మసక ఎక్కణ్నుంచి వస్తుంది? లెన్సు ఒక్క దూరాన్నే కచ్చితంగా పట్టుకుంటుంది. దానికి ముందూ వెనకా కొంత మేర కూడా మన కంటికి స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ మేర దాటితే మసకే. వెలుతురు వచ్చే కన్నం ఎంత పెద్దదైతే ఆ మేర అంత సన్నబడుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో తీసే మామూలు స్టిల్ కెమెరాకి 50 మి.మీ. లెన్సు తగిలించి, కన్నం ఎఫ్ 1.8కి తెరిచి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తీశారనుకోండి. స్పష్టంగా ఉండేది జానెడు లోపే! అదే లెన్సు ఎఫ్ 16కి మూస్తే ఒకటిన్నర మీటరు పైగా స్పష్టంగా వస్తుంది. షూటింగులో టేపు పట్టుకుని హీరోయిన్ కంటి దాకా కొలిచే ఫోకస్ అసిస్టెంటు పాట్లన్నీ ఆ జానెడు కోసమే. ఆవిడ ఒక అడుగు ముందుకేస్తే ఆయన చేతిలో లెన్సు రింగూ తిరగాలి.

సెల్‌ఫోన్ సంగతి వేరు. దాని లెన్సూ చిన్నదే, లోపల బొమ్మ పడే చోటూ చిన్నదే. అంచేత దగ్గరా దూరమూ దాదాపు అన్నీ స్పష్టంగానే పడతాయి. లేని మసకను లెక్కలు కట్టి పుట్టించాలన్నమాట. 2016లో వచ్చిన ఐఫోన్ 7 ప్లస్ రెండు లెన్సులతో ఈ పని చేసింది. మనం రెండు కళ్లతో దూరం పోల్చుకుంటామే, అదే కిటుకు. మరుసటి ఏడు గూగుల్ పిక్సెల్ 2 వెనక ఉన్న ఒక్క కెమెరాతోనే చేసి చూపింది. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల ఫోటోషాప్ 1990లోనే పుట్టింది. అందులో 'లెన్స్ బ్లర్' అనే ప్రత్యేకమైన పనిముట్టు 2003లో వచ్చిన సీఎస్ వెర్షన్‌తో చేరింది. ఈ మసకలోని అందానికి జపాన్ వాళ్లు పెట్టిన పేరు 'బొకే'. పెళ్లికూతురి చేతికిచ్చే పూలగుత్తి కాదు సుమా!

మరి కొట్టిన బ్లర్ దొంగదని ఇట్టే ఎలా దొరికిపోతుంది? నాలుగు చోట్ల చూడండి.

మొదటిది జుట్టు. ఎగిరే వెంట్రుకల్ని సాఫ్ట్‌వేర్ విడదీయలేక సగం కోసేస్తుంది. తల చుట్టూ కత్తెరతో కత్తిరించినట్టు గీత పడుతుంది.

రెండోది పాదాలు. నిజమైన లెన్సులో నేల కొంచెం కొంచెంగా మసకబారుతూ పోతుంది. దొంగ బ్లర్‌లో మనిషి నిలబడ్డ నేల కూడా ఒక్కసారిగా మాయమై, ఆయన గాలిలో తేలుతుంటాడు. పౌరాణిక చిత్రంలో నారదుడిలా!

మూడోది దీపాలు. కురవి వీరభద్రస్వామి జాతరలో రాత్రిపూట తీసిన ఫోటో చూడండి. మంచి లెన్సు వెనకాల బల్బుల్ని మెరిసే గుండ్రటి బిళ్లలుగా మారుస్తుంది. 'గాసియన్ బ్లర్' కొడితే అవి పొగమంచులో లాంతర్లలా వెలవెలబోతాయి.

నాలుగోది రంగు కారడం. తెల్లచొక్కా మనిషి ఎర్రటి మిరప కల్లం ముందు నిలబడ్డాడు. ఫోటో మొత్తానికి బ్లర్ కొట్టి పైన మనిషిని అతికిస్తే, చొక్కా తెలుపు కల్లంలోకి కారి ఆయన చుట్టూ తెల్లటి మబ్బు పడుతుంది. దీనికి మందు ఉంది. ముందు మనిషిని వేరే లేయర్‌లోకి తీయాలి. ఆయన ఉన్న చోటుని చుట్టుపక్కల రంగుతోనే పూడ్చాలి. ఆ తర్వాతే బ్లర్. నేలకి మాత్రం మాస్కులో నలుపు నుంచి తెలుపుకి మెల్లగా మారే రంగు వేసి, పాదాల నుంచి వెనక్కి మసక పెంచుకుంటూ పోవాలి. చివర కాస్త నలుసు కలిపితే మైనపు బొమ్మలా కనబడదు.

ఇంతవరకూ చేతి నైపుణ్యం. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది.

మొన్న మిరప కోతల రోజుల్లో నేను ఆ స్టూడియోలో ఉండగా ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల తాత పోయి వారమైంది. దశదిన కర్మకి ఫోటో కట్టించాలి. ఉన్నది ఒకే ఒక్క సెల్‌ఫోన్ ఫోటో, కల్లంలో తీసింది. తలకి రుమాలు, చేతిలో కర్ర, వెనక ఎర్రగా మిరపకాయలు. "ఎన్కదంత తీసెయ్ అన్నా. పోస్టర్ లెక్క కొట్టు" అన్నాడు. స్టూడియో ఆయన గంట కూర్చుని శ్రద్ధగా చేశాడు. పైన చెప్పిన నాలుగు తప్పుల్లో ఒక్కటీ లేదు. నిజంగా పోస్టరులాగే వచ్చింది.

సాయంత్రం నాయనమ్మ వచ్చింది. ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మొకం మంచిగనే ఉంది బిడ్డా. గని ఈయన్ని ఏడ నిలబెట్టినవు? కల్లం ఏది?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే మళ్లీ అంది: "కల్లం ఇడిసిపెట్టి గీయన ఎన్నడన్న ఉన్నడా?"

స్టూడియో ఆయన మారు మాట్లాడకుండా మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈసారి మసక బాగా తగ్గించాడు. ముఖం ముందుకు వచ్చింది. వెనక మిరప ఎరుపూ, దూరాన ఎవరో ఒంగి కాయలు ఏరుతున్న ఆకారమూ మిగిలాయి. "ఇగ ఈయన మా ఆయన" అంది ఆవిడ. కుర్రాడు తల దించుకుని డబ్బులు తీశాడు. రెండో ప్రింటుకి స్టూడియో ఆయన పైసా పుచ్చుకోలేదు.

ఇక సినిమా దగ్గరికొద్దాం. 1988 నాటి బి. నరసింగరావు గారి 'దాసి' చూశారా? అర్చనకి ఉత్తమ నటిగా, అపూర్వ కిశోర్ బీర్‌కి ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా జాతీయ అవార్డులు తెచ్చిన చిత్రం. అందులో దొర గడీ ఉత్త సెట్టింగు కాదు. దాసి బతుకు మీద కూర్చున్న బరువు ఆ గడీయే. దాన్ని కరిగించి అర్చన ముఖం ఒక్కటే మిగిల్చారనుకోండి, అందమైన స్టిల్లు మిగులుతుంది. కథ పోతుంది.

అలాగని కృత్రిమం అంతా పాపమని నేననను. 1957లో 'మాయాబజార్' పడవ పాటకి మార్కస్ బార్‌ట్లే కురిపించిన వెన్నెల ఏ ఆకాశంలోంచి ఊడిపడింది? ఛాయాగ్రాహకుడి చేతిలోంచే కదా! కానీ ఆ వెన్నెల పాటకి కావాల్సినదాన్ని చేర్చింది. మనం కొట్టే బ్లర్ ఉన్నదాన్ని తీసేస్తుంది. తేడా అక్కడుంది. బార్‌ట్లేకి తాను ఏం చేరుస్తున్నాడో తెలుసు. మనం ఏం తీసేస్తున్నామో మనకి తెలియాలి.

అంచేత మిత్రులారా, ఆ మీట నొక్కేముందు ఒక్క క్షణం ఆగి ఫోటో వెనకభాగం వైపే చూడండి. అక్కడ చెత్తబుట్టా, కరెంటు తీగలూ ఉంటే నిక్షేపంగా కొట్టండి. అమ్మ కట్టెల పొయ్యి ఉంటే, మీరు చదివిన బడి గోడ ఉంటే, రేపు ఉండని వేపచెట్టు ఉంటే మాత్రం చెయ్యి కొంచెం వెనక్కి లాగండి. ఎంత కొట్టినా సరే, అసలు ఫోటోని విడిగా దాచుకోండి. ఫోటోని ఎప్పుడైనా మసక చేయొచ్చు. మసకబారిన దాంట్లోంచి మీ ఊరిని తిరిగి తెచ్చే మంత్రం ఏ మాయల ఫకీరు దగ్గరా లేదు!